పాత పనిముట్టు, న్యాయమైన వెల

(ధ్యానమునకు: లేవీయకాండము 25:14, ద్వితీయోపదేశకాండము 24:6, సామెతలు 20:14, సంఖ్యాకాండము 5:5–8)



వస్తువు విలువ తెలియక తక్కువకు అమ్ముచున్న మనిషియొద్ద, దాని విలువ తెలిసినవాడు తక్కువకే కొనుట దోషమా, కాదా? సంతలో ఈ ప్రశ్న ఎవరును అడుగరు. అడిగినవానిని చూచి నవ్వుదురు. అయినను ఈ ప్రశ్న నన్ను కొన్ని నెలలపాటు సరిగా నిద్రపోనీయలేదు. నేను సంఘములో పెద్దగా ఎంచబడినవాడను, ప్రతి ఆదివారము కానుకల సంచి పట్టుకొని తిరుగువాడను. కాబట్టి నా సంగతి నేనే వ్రాసి మీ యెదుట పెట్టుట మంచిదని తోచినది.

అంగలకుదురులో మా ఇంటి వెనుక ఒక రేకుల పంచ ఉన్నది. బియ్యపు మిల్లులలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న పిమ్మట, ఆ పంచయే నాకు పనిశాలయైనది. అందులో పాత వైసులు చేర్చుట, వాటికి తుప్పు వదిలించి మరల పనికి తెచ్చుట నాకు అలవాటైనది. ఒకటి రెండయ్యెను, రెండు నాలుగయ్యెను. చివరకు ఏడు వైసులు బల్లమీద వరుసగా నిలిచినవి.

వైసు అనగా నేమో మనలో కొందరికి తెలియకపోవచ్చును. కమ్మరికి దాగలి యెట్టిదో ఫిట్టరుకు వైసు అట్టిది. పనిబల్ల అంచున బిగించియుండు పోత ఇనుప సాధనమది. దానికి రెండు దవడలుండును. ఒకటి కదలదు, రెండవది మర తిరిగిన కొలది ముందుకు వెనుకకు నడచును. పిడి త్రిప్పగానే ఇనుప ముక్కనైనను, కొడవలినైనను, మందు కొట్టు స్ప్రేయరు గొట్టమునైనను ఆ దవడలు కదలకుండ పట్టుకొనును. అప్పుడు మనిషికి రెండు చేతులును పనికి దొరకును. ఆకురాయి పట్టవచ్చును, రంపముతో కోయవచ్చును, వంకర తీయవచ్చును. వైసు లేనివాడు ముక్కను కాలిక్రింద అదిమిపెట్టి పనిచేయవలెను. చేయి జారినప్పుడు తెగునది కాలే.

దాని బలము మరలో నున్నది. మర నడిమినుండి పది అంగుళముల దూరమున పిడిని పట్టి ఒక చుట్టు త్రిప్పినయెడల, మన చేయి దాదాపు 63 అంగుళములు తిరుగును. మర చుట్టునకు చుట్టునకు పావు అంగుళము ఎడముండినచో, దవడ నడచునది ఆ పావు అంగుళమే. లెక్కకు మన బలము 250 రెట్లగును. రాపిడిలో దానిలో చాల భాగము పోయినను, మిగిలినది ఒక బాలుని చేతికి ఇనుమును కదలనీయని పట్టు నిచ్చుటకు చాలును. ముసలివాడను నేనును ఈ పంచలో ఇనుము పనిచేయగలుగుట దానివలననే.

ఇట్టి సాధనములు తూకమునకు పోవుట చూచి నాకు మనస్సు నొచ్చెడిది. తెనాలిలో పాత ఇనుప సామాను కొట్లయెదుట విరిగిన నాగటి కర్రులతోను, తుప్పుపట్టిన సైకిలు చట్రములతోను కలిసి వైసులు పడియుండును. వాటిని కిలోల లెక్కన తూచి, కరగించు బట్టీకి పంపుదురు. అదే తెనాలిలో సూర్య శిల్పశాలవారు పాత ఇనుముతో బొమ్మలు చేయుదురని మీరెరుగుదురు. 2021లో వారు రెండు టన్నుల పాత ఇనుప సామానుతో 14 అడుగుల ప్రధానమంత్రి విగ్రహము చేసినట్లు పత్రికలలో వచ్చినది. పారవేసినదానిలో పనికివచ్చుదానిని చూచు కన్ను మన ప్రాంతములో ఉన్నది. నేనును ఆ కన్నుతోనే చూచుచున్నానని అనుకొంటిని.

బాగుచేయు విధము పెద్ద రహస్యమేమియు కాదు. మొదట మరలలో కిరసనాయిలు పోసి రెండు మూడు దినములు నాననీయవలెను. తొందరపడి సుత్తితో కొట్టరాదు. పోత ఇనుము నొక్కుడుకు ఓర్చుకొనును గాని, దెబ్బకును లాగుడుకును ఓర్వదు. వంగక ముందే పగులును. భాగములను విప్పిన తరువాత వాటిని చింతపండు పులుసులోనో, బెల్లపు నీటిలోనో నానబెట్టినయెడల తుప్పు మెత్తబడి వదులును. మన ఇండ్లలో ఇత్తడి బిందెలు తోముటకు వాడు చింతపండే ఇనుముకును పనిచేయును. బెల్లపు నీటికి వారములు పట్టును, చింతపండుకు అంతకంటె తక్కువ. కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె పూయకపోయినయెడల ఆ సాయంత్రమునకే కొత్త తుప్పు కనబడును. పాత రంగులలో సీసము కలిసియుండవచ్చును గనుక పొడిగా గోకరాదు. తడిపి గీకి, ఆ పొట్టును పిల్లలకు దూరముగా పారవేయవలెను. మరకు గ్రీజు పెట్టవలెను. జారు పలకలకు రంగు వేయరాదు. మెత్తని ముక్కలు పట్టవలసివచ్చినప్పుడు దవడలకు రాగి రేకు తొడిగినచో, పట్టు గట్టిగా నుండియు ముక్కకు గాటు పడదు.

ఇట్టి పని యందు మక్కువగలవారు లోకమంతట ఉన్నారు. ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున సి. అండ్ జె. హాంప్టన్ కంపెనీవారు చేసిన ‘రికార్డు’ ముద్ర వైసులు మన దేశములో కూడ దొరకును. అమెరికాలో 1941లో షికాగో పట్టణమున మొదలైన ‘విల్టన్’ కంపెనీ వైసులను అచ్చటివారు ఎంతో ఆశతో వెదకి కొందురు. వాటిలో చాలవాటికి జారు కడ్డీ అడుగున ఒక తేదీ కొట్టియుండును. అది ఐదేండ్ల హామీ ముగియు తేదీ. హామీ ముగిసి అరువది డెబ్బది ఏండ్లు గడచినను ఆ వైసులు పనిచేయుచునే యున్నవి. తాతలనాటి పనితనమును చేతితో తాకుటలో ఒక సంతోషమున్నది. దానిని నేను పాపమని చెప్పను. బెసలేలుకు పనితనము నిచ్చినది దేవుని ఆత్మయేనని నిర్గమకాండము 31వ అధ్యాయము చెప్పుచున్నది. మన ప్రభువును నజరేతువారు వడ్లవాడని పిలిచిరి. పనిముట్టు పట్టిన చేతిని దేవుడు తక్కువగా చూడడు.

అయితే నా యేడు వైసులలో ఒకటి నాకు సంతోషము నీయలేదు.

పొరుగూరిలో ఒక ఫిట్టరు చనిపోయెను. ఆయనయు మన విశ్వాసియే. కొన్ని నెలలైన పిమ్మట, అతని ఇంటిలో ఒక షెఫీల్డు వైసు ఉన్నదని విని నేను వెళ్లితిని. ఆ సహోదరి నన్ను కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చెను. వైసు గోడమూలన గోనెసంచి క్రింద ఉండెను. ఆమె నాతో, “బాబాయిగారూ, ఆయన పోయినాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మీకేమన్నా పనికొస్తే తీసుకోండి. ఎంతిస్తే అంతివ్వండి” అనెను.

నేను పిడి త్రిప్పి చూచితిని. కదలలేదు. ఎండిన గ్రీజు పట్టుకొన్నదని నా చేతికి వెంటనే తెలిసినది. అయినను నా నోరు, “మర అరిగిపోయిందమ్మా. పాత ఇనుము ధరకు మించి రాదు” అనెను. తూచగా 18 కిలోలైనది. కిలోకు 30 రూపాయల చొప్పున 540 రూపాయలు ఆమె చేతిలో పెట్టితిని. దానిని బాగుచేసి అమ్మినయెడల నాలుగు వేలకు తక్కువ రాదని ఆ దినమున నాకు తెలియును. ఆటోలో వచ్చుచు ఎంత మంచి బేరము దొరికినదని సంతోషించితిని. ఇంటికి వచ్చి స్నేహితునికి ఫోను చేసి చెప్పితిని కూడ.

సామెతల గ్రంథము 20వ అధ్యాయము 14వ వచనము తీసి చదువుడి. కొనునప్పుడు వస్తువును నిందించి, కొని వెళ్లిన పిమ్మట తన బేరమును గూర్చి అతిశయపడువాని చిత్రమచ్చట నున్నది. సొలొమోను దినములలో ఫోను లేదు. తక్కిన సంగతులలో ఆ మనిషిని నేనే.

మూడు వారములు ఆ వైసుమీద పనిచేసితిని. తుప్పు పోయినది. గుంటలున్నచోట లప్పము పెట్టి, నీలము రంగు వేసితిని. కొత్తదానివలె మెరసినది. అది బల్లమీద ఏడవదిగా నిలిచినది. దానిమీద నేను ఒక్క పనియు చేయలేదు. రంగు చెడునని ఒక గుడ్డ కప్పితిని.

మరుసటి సంవత్సరము ఒక సాయంత్రము ఆ సహోదరి కుమారుడు మా ఇంటికి వచ్చెను. పదునేడేండ్లవాడు. తండ్రి పోయిన తరువాత ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చుకొనుటకు చేరియుండెను. “తాతయ్యగారూ, మా నాన్న వైసు మీ దగ్గర ఉందంట గదా. ఒక్కసారి చూసి పోతాను” అనెను. నేను గుడ్డ తీసితిని. అతడు చాలసేపు చూచెను. తరువాత కదలని దవడ ప్రక్కన వ్రేలితో తడవి, “ఇక్కడ మూడు చుక్కలుండాలి తాతయ్యగారూ. నాన్న పంచితో కొట్టాడు. మేం ముగ్గురం అని చెప్పేవాడు” అనెను.

ఆ చుక్కలను నేనెరుగుదును. తుప్పు గుంటలనుకొని లప్పముతో పూడ్చినది నేనే.

ఇంటియొద్ద నీవు ఎట్లు సాధన చేయుచున్నావని అడిగితిని. ముక్కను గడపకు ఆనించి, కాలితో అదిమి ఆకురాయి పట్టుచున్నానని చెప్పెను. అతని కాలి బొటనవ్రేలిమీద మానిన గాయమును నేను చూచితిని. అతడు నన్నేమియు అడుగక, వందనములు చెప్పి వెళ్లిపోయెను.

ప్రియులారా, ఇచ్చట నా మనస్సు చెప్పుకొనిన సమాధానములను మీకును చెప్పెదను. ఏలయనగా ఇవి నా ఒక్కని సమాధానములు కావు. పొలము కొనునప్పుడును, గేదెను కొనునప్పుడును, పుస్తెలు తాకట్టు పట్టునప్పుడును మనమందరము చెప్పుకొనునవే.

మొదటి సమాధానము: ‘ఆమె అడిగినంత ఇచ్చితిని; బలవంతము చేయలేదు.’ నిజమే. అయితే లేవీయకాండము 25వ అధ్యాయమున, అమ్మునప్పుడును కొనునప్పుడును ఒకనినొకడు బాధపెట్టకూడదని దేవుడు చెప్పెను. ఆ మాట అమ్మువానికి మాత్రమే గాక కొనువానికిని చెప్పబడినది. తప్పుడు తూకము వేయువాడు దొంగయని మనమెరుగుదుము. తప్పుడు మాటతో వెల తగ్గించువాడు త్రాసు ముట్టుకొనడు గాని, అతడు చేసినదియు అదే పని. నేను త్రాసులో 18 కిలోలు సరిగానే తూచితిని. నా నాలుకమీద తూచినది మాత్రము తప్పు.

రెండవ సమాధానము: ‘నేను కొనకపోయిన అది బట్టీకి పోయెడిది. నేను దానిని రక్షించితిని. మూడు వారముల కష్టము పెట్టితిని.’ ఇదియు కొంత నిజము. కష్టమునకు కూలి న్యాయమే. నాలుగు వేలలో నా పనికి రావలసిన భాగము నాకు రావలసినదే. పనిచేసి లాభము పొందుటను వాక్యము నిషేధింపలేదు. అయితే ఇనుమును రక్షించితినని చెప్పుకొనుచు, ఆ ఇనుముతో బ్రతికిన ఇంటిని మరచితిని. ద్వితీయోపదేశకాండము 24:6 చూడుడి. తిరుగటిరాయిని తాకట్టుగా తీసికొనకూడదని మోషే చెప్పెను. ఆ రాయి ఆ ఇంటి కూడు. దానిని తీసికొనిన మనిషి ప్రాణమునే తాకట్టు తీసికొన్నట్లు. రాతికి వెల ఎంతని ధర్మశాస్త్రము అచ్చట లెక్కించలేదు. ఆ రాయి లేనియెడల ఆ ఇంటిలో రేపు ఏమి తిందురని లెక్కించినది. వస్తువు బాగుపడినంత మాత్రమున మనిషి బాగుపడినట్లు కాదు.

మూడవ సమాధానము ఒక స్నేహితుడు నాకు చెప్పెను: ‘పొలములో దాచబడిన ధనమును కనుగొన్నవాడు, పొలము యజమానునికి చెప్పక, ఆ పొలమును కొనెనని ప్రభువే మత్తయి 13లో చెప్పెను గదా?’ మాటకారి సమాధానమే. అయితే ఆ ఉపమానము బేరములో తెలివిని మెచ్చుకొనుటకు చెప్పబడినది కాదు. ఆ మనిషి తనకు కలిగినదంతయు అమ్మివేసెనని ప్రభువు చెప్పెను. పరలోకరాజ్యము కొరకు అంతయు విడువవచ్చునని దాని భావము. నేను విడిచినది 540 రూపాయలు. నేను కొనినది పరలోకరాజ్యము కాదు.

ఈ సమాధానములన్నియు ఒక్కొక్కటిగా జారిపోయిన తరువాత, నేను లూకా 19లోని జక్కయ్యను తలంచుకొంటిని. అతడు ప్రభువు యెదుట నిలిచి, నేను మారుమనస్సు పొందితినని మాత్రమే చెప్పి కూర్చుండలేదు. ఎవరికి ఎంత తిరిగి ఇచ్చునో లెక్క చెప్పెను. పశ్చాత్తాపమునకు అంకెలున్నవి. కన్నీళ్లు తూకమునకు రావు.

కాబట్టి నేను రంగు గీకి, లప్పము తీసి, ఆ మూడు చుక్కలను బయటికి తెచ్చితిని. ఒక శనివారము వైసును ఆటోలో పెట్టుకొని ఆ ఇంటికి వెళ్లితిని. ఆమెతో, “అమ్మా, ఆ రోజు మర అరిగిందన్నాను. అది అబద్ధం. మర బాగానే ఉంది. నాకు తెలిసే అన్నాను” అని చెప్పితిని. ఆ మాటలు చెప్పుటకు, ఆ 18 కిలోలు మోయుటకంటె ఎక్కువ బలము కావలసివచ్చెను.

ఆమె కొంచెముసేపు మాటలాడలేదు. తరువాత, “నాకు తెలుసు బాబాయిగారూ. ఆయన ప్రతి శనివారం దానికి నూనె పెట్టేవాడు. మర ఎట్లా అరుగుతుంది? కానీ మీరు సంఘపెద్ద. ఆ నెలలో ఇంట్లో రూపాయి లేదు. ఏమనమంటారు?” అనెను.

ఈ వ్యాసము మొదట నేను అడిగిన ప్రశ్నను మరల చూడుడి. తెలియక అమ్ముచున్న మనిషియని వ్రాసితిని. అన్ని నెలలు నేను ఆ ప్రశ్నతోనే పోరాడితిని. ఆ ప్రశ్నయే తప్పు. ఆమెకు తెలియును. ఆమెకు లేనిది తెలివి కాదు, కాదనుటకు బలము. నేను అజ్ఞానమును వాడుకొంటినని అనుకొంటిని. వాడుకొన్నది ఆమె పేదరికమును, సంఘములో నాకున్న పేరును. కానుకల సంచి పట్టు చేయి గనుకనే ఆమె నా అబద్ధమునకు ఎదురు చెప్పలేదు. పల్లెలో పెద్దమనుష్యులు చేయు చాల బేరములు ఇట్టివే. అమ్మువాడు తలయూపును, కొనువాడు అది ఒప్పుదలయని అనుకొనును.

వైసును ఉచితముగా ఇచ్చి వెళ్లవలెనని నా తలంపు. అందుకు ఆమె ఒప్పుకొనలేదు. లోపలికి వెళ్లి 540 రూపాయలు తెచ్చి, “మీరిచ్చిన లెక్కే. ఊరికే మాత్రం వద్దు” అనెను. ఆ సొమ్మును పుచ్చుకొనుట నాకు మిక్కిలి కష్టమైనది. దానము చేసి పెద్దవాడనై వెళ్లవలెనని నాలో ఒక మూల ఇంకను ఆశ యుండెను. ఆమె దానిని కూడ నాకు మిగల్చలేదు. అది మంచిదే. అప్పు తీర్చుటకు వచ్చినవాడు దాతవలె వెళ్లరాదు. నేను ఆ సొమ్ము తీసికొని, మజ్జిగ త్రాగి ఇంటికి వచ్చితిని. ఆ బాలుడు ఆ రాత్రియే గడప ప్రక్కన పాత బల్లకు వైసును బిగించెనని తరువాత వింటిని.

ఇక మిగిలిన ఆరింటి మాట. వాటిలో నాలుగు కొట్లలో కొన్నవి. వాటిని అమ్మినవారెవరో, ఏ ఇంటి కష్టములో అమ్మిరో నేనెరుగను. ఎవరికి తిరిగి ఇయ్యవలెను? సంఖ్యాకాండము 5వ అధ్యాయమున దీనికి దారి దొరకినది. తప్పు చేసినవాడు దానిని ఒప్పుకొని, సొమ్మును ఐదవవంతు కలిపి తిరిగి చెల్లించవలెను. పుచ్చుకొనుటకు సొంతదారుడు గాని అతని బంధువుడు గాని లేనియెడల, అది యెహోవాకు చెందును. సొంతదారుడు దొరకలేదని బాకీ రద్దు కాదు. అది పైకి పోవును. పైకి పోయిన బాకీని దేవుడు పొరుగువాని చేతనే వసూలు చేయించునని నేను నమ్ముచున్నాను. ఆ నాలుగు వైసులను నేను మోసముతో కొనలేదు. అయినను ఎవరో చెమటోడ్చి వాడిన పనిముట్లు నా బల్లమీద అలంకారముగా నిలిచియుండుటకు నాకు హక్కు ఉన్నదని ఇప్పుడు చెప్పలేను.

మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు భూమిమీది ధనమును గూర్చి తుప్పు మాట ఎత్తెను. నేను తుప్పుకు విరోధినని గర్వపడితిని. అయితే పనిముట్టుకు రెండు విధముల తుప్పు ఉన్నది. ఒకటి ఇనుమును తినును. రెండవది, మెరయుచున్న వైసుమీద గుడ్డ కప్పి, ఎవరినీ ముట్టనీయని తుప్పు; అది యజమానుని తినును. బట్టీలో కరగిన వైసు కనీసము ఒక కడ్డీగా మారి ఎవరి ఇంటి పైకప్పులోనో నిలుచును. నా గుడ్డ క్రింది వైసు ఎవరికిని ఏమియు కాలేదు.

మొదటి సమూయేలు 13వ అధ్యాయమున ఒక దుర్దశ వ్రాయబడియున్నది. ఇశ్రాయేలు దేశమందంతట కమ్మరివాడు లేకుండ ఫిలిష్తీయులు చేసిరి. కర్రుకు పదును పెట్టించుకొనవలెనన్నను శత్రువులయొద్దకే పోవలెను. జనమును లోబరచుకొనుటకు పనిముట్టును, పనివానిని ఊరినుండి తీసివేసినచో చాలునని వారెరిగిరి. మన పల్లెలలో నేడు ఎవరును శత్రువులు లేరు. అయినను స్ప్రేయరు చెడినను, మోటారు చెడినను తెనాలికి పోవలసియున్నది. అట్లుండగా నా ఊరిలోని ఆరు వైసులను నా పంచలో బంధించి యుంచిన నేను ఎవరి పక్షమున నున్నాను?

రెండవ రాజుల గ్రంథము 6వ అధ్యాయములో ప్రవక్తల శిష్యుడొకడు ఎరవు తెచ్చిన గొడ్డలిని నీళ్లలో పోగొట్టుకొని కేక వేసెను. ఎలీషా ఆ ఇనుమును తేలజేసెను. ఒక పేదవాని ఎరవు గొడ్డలి కొరకు దేవుడు అద్భుతము చేసెను. అచ్చట నేనెన్నడును తలంచని మనిషి ఒకడున్నాడు. ఆ గొడ్డలిని ఎరవిచ్చినవాడు. అతని పేరు వాక్యములో లేదు. అతడు ఎరవియ్యకపోయినయెడల ఆ అద్భుతమునకు చోటే లేకపోవును.

కాబట్టి ఇప్పుడు మూడు వైసులు ఎరవు తిరుగుచున్నవి. ఒకటి స్ప్రేయర్లు బాగుచేయు యువకునియొద్ద, ఒకటి సైకిలు కొట్టులో, ఒకటి కొత్తగా పని మొదలుపెట్టిన వేరొక బాలునియొద్ద. రెండింటికి రంగు పోయినది, ఒకదాని పిడి వంగినది. చూచినప్పుడు నా ప్రాణము చివుక్కుమనుట ఇంకను మానలేదని ఒప్పుకొందును. మిగిలిన మూడు నా పంచలోనే యున్నవి. వాటిలో రెండింటిని విడుచుటకు నాకు ఇంకను మనస్సు రాలేదు. వైసుకు పిడి వెనుకకు త్రిప్పినచో దవడ వదలును. మనిషి మనస్సుకు అట్టి పిడి లేదు. ప్రార్థనలో కొంచెము కొంచెముగా వదులు చేయించుకొనవలసినదే.

ప్రియ సహోదరీ సహోదరులారా, మీలో అందరును వైసులు కొనరు. అయితే చనిపోయినవాని ఇంటికి పాత సామాను కొనుటకు వెళ్లు దినము మనలో చాలమందికి వచ్చును. అది కుట్టుమిషను కావచ్చును, నూనె ఇంజను కావచ్చును, ఎకరము పొలము కావచ్చును. ఆ దినమున మూడు మాటలు జ్ఞాపకముంచుకొనుడి. వస్తువులో మీకు కనబడిన మంచిని వెల చెప్పక ముందే ఆ ఇంటివారికి చెప్పుడి. ఆ ఇంటిలో దానితో పనిచేయబోవు పిల్లవాడు ఎవడైన ఉన్నాడేమో అడుగుడి. ఇంటివారు వెంటనే ఒప్పుకొన్నయెడల, అది ఒప్పుదలయో, చాలని చేతియొక్క మౌనమో ఒక రాత్రి ఆగి చూడుడి. ఈ మూడు చేసిన తరువాత బేరము కుదిరినయెడల సంతోషముగా కొనుడి. దేవుడు ఆ సంతోషమును తప్పుపట్టడు.

ప్రార్థన: ప్రభువా, నీవు వడ్లవాని ఇంటిలో పెరిగి, పనిముట్టు బరువును నీ చేతితో ఎరిగినవాడవు. మేము తక్కువ వెలకు కొన్నవాటిని, మా మాటలతో తగ్గించినవాటిని మాకు చూపుము. తిరిగి ఇచ్చుటకు ధైర్యమును, పుచ్చుకొనుటకు తగ్గింపును మాకు దయచేయుము. మా పట్టును సడలించుము. ఆమేన్.